పని గట్టిగా అడిగే మహిళా అధికారి నివేదికలో "స్వభావం కఠినం" అని రాస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నా జవాబు దానిలోని మాటల మీదే ఆధారపడి ఉంది. మీరు ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో చీఫ్ మేనేజరు. ఏడాదిన్నర కిందట ఒక పెద్ద శాఖ బాధ్యత తీసుకున్నారు. మీకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన కూడా పని విషయంలో ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. ఆయనను సిబ్బంది "నిక్కచ్చి మనిషి" అనేవారు. మీరు వచ్చాక మొండి బకాయిలు తగ్గాయి, ఆడిట్‌లో శాఖ రేటింగు పెరిగింది. అయినా ఈ ఏడాది మీ పనితీరు నివేదికలో పై అధికారి "సమర్థురాలే కాని స్వభావం కఠినం, సిబ్బందిని కలుపుకొనిపోవడం నేర్చుకోవాలి" అని రాసి మార్కులు తగ్గించారు. మారాలా, అభ్యంతరం చెప్పాలా, వదిలేయాలా అని అడిగారు.

నేను ఇదే రంగంలో 34 ఏళ్ళు పనిచేసి విరమించాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు ఇతరుల నివేదికలు రాయడం, ఇతరులు రాసినవాటిని సమీక్షించడం నా పనిలో భాగం. కాబట్టి ఈ వాక్యాన్ని రెండువైపుల నుంచీ చూశాను: నా మీద రాయించుకున్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఇతరుల మీద రాశాను కూడా. నా సలహా ఏమిటంటే అభ్యంతరం తప్పక చెప్పండి. మారవలసింది ఏమైనా ఉంటే దానిని ఆ అభ్యంతరంతో కలపకుండా విడిగా చూసుకోండి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే మనలో చాలామంది సగం తప్పు ఒప్పుకొని, సగం కోపం మింగి ఊరుకుంటారు.

ముందు ఆ వాక్యాన్నే చూద్దాం. అందులో "కాని"కి ముందున్నది పని, తరువాత ఉన్నది మనిషి. పనిని కొలవడానికి బ్యాంకు దగ్గర లెక్కలున్నాయి: బకాయిల శాతం, తీరకుండా మిగిలిన ఆడిట్ అభ్యంతరాలు, ఖాతాదారుల ఫిర్యాదులు ఎన్ని రోజుల్లో పరిష్కారమయ్యాయన్న వివరాలు. మనిషిని కొలవడానికి మాత్రం రాసేవారి మనసే సాధనం. పురుషుడి నివేదికలో లోపం రాయవలసివస్తే అది సాధారణంగా పని ఖాతాలో పడుతుంది. స్త్రీ నివేదికలో అదే లోపం స్వభావం ఖాతాలో పడుతుంది. ఇది నా అక్కసు అనుకుంటారేమో, 2014లో కీరన్ స్నైడర్ అనే భాషాశాస్త్రవేత్త ప్రచురించిన ఒక పరిశీలన చూడండి. అమెరికాలో ఎక్కువగా సాంకేతిక రంగానికి చెందిన ఉద్యోగులు స్వచ్ఛందంగా ఇచ్చిన 248 నివేదికలను ఆమె చదివారు. వాటిలో విమర్శ ఉన్నవి పురుషులవి 83, స్త్రీలవి 94. పురుషుల 83లో స్వభావాన్ని తప్పుపట్టినవి రెండే రెండు. స్త్రీల 94లో 71. రాసిన అధికారి ఆడో మగో అన్నదాన్ని బట్టి ఈ తేడా మారలేదు. అది చిన్న పరిశీలన, మన బ్యాంకులకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా నా తొమ్మిదేళ్ళ అనుభవం ఆ లెక్కతో ఎక్కడా పోట్లాడదు.

అదే కోవలో మరొక పరిశోధన మీకు నేరుగా పనికివస్తుంది. విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్మన్ 2008లో ప్రచురించిన ప్రయోగాలలో, ఉద్యోగ సందర్భంలో కోపం ప్రదర్శించిన పురుషుడికి చూసేవారు ఎక్కువ హోదా కట్టబెట్టారు. అదే కోపం ప్రదర్శించిన స్త్రీకి తక్కువ హోదా ఇచ్చారు. కారణం అడిగితే, ఆయన కోపానికి పరిస్థితి కారణమన్నారు, ఆమె కోపానికి ఆమె స్వభావమే కారణమన్నారు. అయితే ఆమె తన కోపానికి బయట ఉన్న కారణాన్ని నోటితో చెప్పినప్పుడు ఆ తేడా తగ్గింది. ఈ చివరి ముక్కను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

మన భాష ఈ లెక్కను ఎప్పుడో రాసి పెట్టుకుంది. పని రాబట్టే మగవాడిని "చండశాసనుడు" అంటాం, అందులో భయంతో పాటు గౌరవం కూడా ఉంటుంది. ఆడమనిషికి "గయ్యాళి" ఉంది, దానికి పుంలింగం లేదు. "పెత్తనం" అంటే అధికారమే, ముందు "ఆడ" అని చేర్చగానే అది ఎత్తిపొడుపు అవుతుంది. కాకినాడ ప్రాంతంలో పుట్టి, గయ్యాళి అత్త పాత్రలను ఎవరూ సాటిరాని విధంగా పోషించిన మహానటి సూర్యకాంతం పేరును నా సర్వీసులో కనీసం నలుగురు మహిళా మేనేజర్లకు చాటుగా పెట్టగా విన్నాను; నిజ జీవితంలో ఆమె ఎంతో మెత్తని మనిషి అని ఆమెతో పనిచేసినవారు చెప్పుకొనేవారు, అది వేరే సంగతి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ మీకు తెలిసే ఉంటుంది: 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన వాకిట్లో కార్యకర్తగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన పధ్నాలుగేళ్ళ పిల్ల ఆమె. ఆ పట్టుదలను నెహ్రూ మెచ్చుకున్నారు, మనం నూరేళ్ళుగా మెచ్చుకుంటూనే ఉన్నాం. పరికిణీ కట్టిన పిల్ల నిబంధన పట్టుకు కూర్చుంటే ముచ్చటేస్తుంది. జీతాల పెంపు మీద, బదిలీల మీద సంతకం పెట్టగల నలభై అయిదేళ్ళ స్త్రీ అదే నిబంధన పట్టుకు కూర్చుంటే ఎవరికీ ముచ్చటేయదు. ఇందిరా గాంధీని ప్రధాని అయిన కొత్తలో "గూంగీ గుడియా", అంటే మూగ బొమ్మ, అన్నారు. గట్టిగా నిలబడ్డాక మంత్రివర్గంలో ఆమె ఒక్కరే మగవాడు అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఊరుకుంటే బొమ్మ, ఊరుకోకపోతే మగవాడు. ఆడమనిషిగా ఉంటూనే అధికారిగా ఉండే చోటు ఆ రెండు మాటల మధ్య ఎక్కడా లేదు.

నా సంగతి చెబుతాను. 1996లో గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణంలో శాఖా మేనేజరుగా చేరాను. నగదు ఉంచే ఇనుప పెట్టెకు రెండు తాళాలు, వాటి చెవులు ఇద్దరి దగ్గర వేరువేరుగా ఉండాలన్నది బ్యాంకింగులో అఆల వంటి నిబంధన. ఆ శాఖలో రెండు చెవులూ హెడ్ క్యాషియరు జేబులోనే ఉండేవి. రద్దీ రోజుల్లో సౌకర్యమని, ఆయన చాలా మంచివాడని. మొదటి వారంలోనే ఆ అలవాటు ఆపించాను. నెలకొకసారి, ఏ రోజో ముందు చెప్పకుండా, తాకట్టు బంగారం ప్యాకెట్లు విప్పి లెక్క చూసేదాన్ని. ఎవరినీ అనుమానించలేదు, ఎవరిమీదా అరవలేదు. రెండు నెలలకు అటెండరు వచ్చి ఎంతో వినయంగా "మీరు రాకముందు ఇక్కడ అందరం ఒక కుటుంబంలా ఉండేవాళ్ళం మేడమ్" అన్నాడు. ఆ ఏడాది నా రహస్య నివేదికలో "పనిమంతురాలు, సర్దుకుపోయే గుణం తక్కువ" అని రాశారట. ఆ రోజుల్లో నివేదికలు చూపేవారు కాదు. మూడేళ్ళ తరువాత ప్రమోషను తప్పిపోయినప్పుడు, నా మీద జాలిపడిన ఒక పెద్దాయన ఆ వాక్యాన్ని నోటితో చెప్పారు. పక్క ఊరి శాఖలో సరిగ్గా ఇదే పని చేసిన మేనేజరును రీజనల్ ఆఫీసు సమావేశంలో లేపి, "కస్టడీ (నగదు, తాళాల భద్రత) విషయంలో రాజీ లేని మనిషి" అని చప్పట్లు కొట్టించారు. ఆ హాల్లో నేనూ చప్పట్లు కొట్టాను. "సర్దుకుపోవడం" అనే మాట ఒక మగ ఆఫీసరు నివేదికలో నేను ఎన్నడూ చూడలేదు. అది మనకు పెళ్ళిచూపుల దగ్గర మొదలై రిటైర్మెంటు దాకా వెంట వచ్చే మాట.

ఈ విషయంలో ప్రపంచానికంతా తెలిసిన వ్యాజ్యం ఆన్ హాప్కిన్స్ అనే అమెరికా మహిళది. మీ పరిస్థితికి అది చాలా దగ్గర కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆమె ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద అకౌంటింగ్ సంస్థ వాషింగ్టన్ కార్యాలయంలో పనిచేసేవారు. అమెరికా విదేశాంగ శాఖ నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాబట్టడంలో ఆమెది కీలక పాత్ర. 1982లో ఆమె పేరును భాగస్వామి హోదాకు ప్రతిపాదించారు. ఆ ఏడాది ప్రతిపాదన వచ్చిన 88 మందిలో స్త్రీ ఆమె ఒక్కరే. అప్పటికి సంస్థలో ఉన్న 662 మంది భాగస్వాముల్లో స్త్రీలు ఏడుగురు. ఆ 88 మందిలో ఎవరికీ తీసిపోని పని ఆమెది, అయినా ఆమె పేరును పక్కన పెట్టారు. అభిప్రాయాలు రాసిన భాగస్వాముల్లో ఒకరు ఆమెది మగరాయుడి వాలకం అన్నారు, మరొకరు స్త్రీ కావడాన్ని కప్పిపుచ్చుకోవడానికి అతి చేస్తున్నదన్నారు, ఇంకొకరు నాజూకు నేర్పే బడికి పంపమన్నారు. ఆమెకు మేలు కోరిన భాగస్వామే, ఆ నిర్ణయం వివరించవలసిన బాధ్యత కలిగినవాడే, వచ్చేసారి అవకాశం దక్కాలంటే ఆడతనంతో నడవమనీ, ఆడతనంతో మాట్లాడమనీ, అలంకరించుకొని, జుట్టు తీర్చుకొని, నగలు పెట్టుకోమనీ సలహా ఇచ్చాడు. ఆమె రాజీనామా చేసి కోర్టుకు వెళ్ళారు. 1989 మే 1న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆమె వాదనను బలపరిచింది. దూకుడు అవసరమైన ఉద్యోగం ఇచ్చి, స్త్రీలో ఆ దూకుడునే తప్పుపడితే, దూకుడుగా ఉన్నా ఉద్యోగం పోతుంది, లేకున్నా పోతుంది అన్న భావాన్ని న్యాయమూర్తి బ్రెనన్ అందులో రాశారు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని మనం ఒక్క ముక్కలో అనేదే అది. కింది కోర్టు ఆదేశంతో ఆమె 1991లో భాగస్వామిగానే ఆ సంస్థకు తిరిగి వెళ్ళారు.

ఈ కథను చాలామంది ఇక్కడే ఆపుతారు. నేను మీకు చెప్పదలచినది దీని తరువాతి భాగం. సిబ్బందితో ఆమె కటువుగా వ్యవహరించేవారన్న ఫిర్యాదులు కల్పించినవి కావని విచారణ కోర్టు అంగీకరించింది. ఆమెను సమర్థించినవారిలో కూడా కొందరు ఆ మాట అన్నారు. అంటే ఆమెలో లోపం లేదు కాబట్టి గెలవలేదు. లోపం ఉన్నప్పటికీ, దానిని తూచిన తక్కెడ సరైనది కాదు కాబట్టి గెలిచారు. మీ నివేదిక చదివినప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకోవాలి: తక్కెడ సరిగ్గా ఉందా అన్నది ఒకటి, తూకంలో నిజంగా ఏమైనా ఉందా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు కోసం, మీ వాక్యంలో మీ పేరు తీసి మీకు ముందున్న మేనేజరు పేరు పెట్టి, గట్టిగా చదవండి. నవ్వు వస్తే తక్కెడలో తేడా ఉన్నట్టే.

రెండో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే రెండు చోట్ల కనబడింది, మీరు నొచ్చుకోరన్న నమ్మకంతో చెబుతున్నాను. బకాయి ఖాతాల జాబితాను రాత్రి తొమ్మిదిన్నరకు సిబ్బంది వాట్సాప్ గ్రూపులో బాధ్యులైన వారి పేర్లతో సహా పెడుతున్నానని రాశారు. ఒక ఆఫీసరును కౌంటరు దగ్గర, ఖాతాదారులు వింటుండగా నిలదీశానని కూడా రాశారు. ఆ పని మీ ముందున్నాయన చేసినా తప్పే. ఆయనను ఎవరూ అడగలేదన్నది ఆయన అదృష్టం తప్ప మీకు అనుమతిపత్రం కాదు. పని గట్టిగా అడగడం వేరు, మనిషిని నలుగురిలో చిన్నబుచ్చడం వేరు. ఈ రెండు అలవాట్లూ రేపటి నుంచే మానండి, ఎవరో కఠినం అన్నందుకు కాదు, అవి పనికి అడ్డం కాబట్టి. నలుగురిలో మాట పడ్డ ఆఫీసరు మరునాటి నుంచి తన తప్పు దాచడం నేర్చుకుంటాడు, దాచిన తప్పు మీకు ఆడిట్‌లోనే తెలుస్తుంది. రాత్రి పూట జాబితా చదివిన గుమాస్తా తెల్లవారి ఆ బకాయిదారుకు ఫోను చేయడు, తోటి గుమాస్తాకు చేస్తాడు.

ఇలాంటి వాక్యం నేనూ ఇతరుల మీద రాశానని మొదట్లో అన్నాను. జోనల్ ఆఫీసులో ఉండగా ఒకే రోజు రెండు నివేదికలు రాశాను. రుణాల విభాగంలోని ఒక యువతి గురించి "దూకుడు కొంచెం తగ్గించుకుంటే రాణిస్తుంది" అని రాశాను. ఆమె కంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన ఒక యువకుడి గురించి "ఫలితాలు రాబట్టే పట్టుదల ఉన్నవాడు" అని రాశాను. 1996లో నాకు జరిగినదాన్ని తలుచుకొని కుమిలిన మనిషినే ఇది రాసింది. సంతకం చేసేముందు రెండు కాగితాలూ పక్కపక్కన ఉండడం వల్ల కంటపడింది కాని, వేరువేరు రోజుల్లో రాసి ఉంటే పడేది కాదు. ఆనాటి నుంచి ఒక విభాగంలోని నివేదికలన్నీ ఒకే పూట రాసి, స్వభావం గురించిన ప్రతి విశేషణం పక్కన పెన్సిలుతో "ఎప్పుడు, ఎక్కడ" అని వేసుకొనేదాన్ని. జవాబు దొరకని విశేషణాన్ని కొట్టేసేదాన్ని. సగానికి సగం పోయేవి, మగవారివి కూడా. మీరు కూడా మీ శాఖలోని ఆఫీసర్ల నివేదికలు రాస్తారు కాబట్టి ఈ మాట మీకు రెండు విధాలా అవసరం.

ఇది బ్యాంకుల జబ్బు మాత్రమే కాదు. సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ (పదవీ విరమణ దాకా కొనసాగే సర్వీసు), కమాండ్ పదవులు ఇవ్వడం గురించి సుప్రీంకోర్టులో వాదన జరిగినప్పుడు, జవాన్లలో అధికులు గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన పురుషులనీ, స్త్రీ ఇచ్చే ఆజ్ఞకు మానసికంగా ఇంకా సిద్ధంగా లేరనీ ప్రభుత్వం తరఫున రాసి ఇచ్చారు. ఆజ్ఞ వినేవాడి సంస్కారలోపానికి ఆజ్ఞ ఇచ్చేవారిని శిక్షించడమన్న మాట. 2020 ఫిబ్రవరి 17 నాటి తీర్పులో న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. మరుసటి ఏడాది, 2021 మార్చిలో, అదే న్యాయస్థానం ఆ అధికారిణుల వార్షిక రహస్య నివేదికల దగ్గరికి వచ్చింది: వీరికి ఎలాగూ శాశ్వత కమిషన్ రాదన్న కాలంలో అశ్రద్ధగా రాసిన నివేదికలను పట్టుకొని ఇప్పుడు వారిని తూచడం పరోక్ష వివక్ష అని తేల్చింది. 2023లో వందమందికి పైగా మహిళలు కల్నల్ హోదాకు ఎంపికయ్యారు. 2024 చివర, తూర్పు ప్రాంతంలో ఒక కోర్ కమాండరు తన పరిధిలోని ఎనిమిది మంది మహిళా కమాండింగ్ అధికారుల గురించి పై అధికారికి రాసిన ఉత్తరం పత్రికల్లోకి వచ్చింది. వారిలో అహం ఎక్కువనీ, సానుభూతి తక్కువనీ, నేను చెప్పిందే చెల్లాలన్న ధోరణి ఉందనీ దాని సారాంశం. ఆ ఎనిమిది మందిలో కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అయితే ఎనిమిది మందిని చూసి స్త్రీల గురించి ఒక సూత్రం కట్టేముందు, నేను చెప్పిందే చెల్లాలి అనే మగ కమాండింగ్ అధికారులు ఎందరో లెక్కపెట్టే ఆలోచన ఎవరికైనా వస్తుందా అన్నది నా ప్రశ్న.

కాలం గడిస్తే ఇదంతా సర్దుకుంటుందా అని మీరు అడగలేదు కాని, మీ ప్రశ్న వెనుక ఆ ఆశ ఉంది. దానికి మన దేశంలోనే ఒక మంచి జవాబు దొరికింది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచి వంటి) పదవుల్లో స్త్రీలకు ఇచ్చిన రిజర్వేషన్ మీద ఎస్తర్ డఫ్లో, రోహిణి పాండే మొదలైన ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒకే ప్రసంగాన్ని కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించి, ఆ నాయకుడు ఎలాంటివాడు, ఆ నాయకురాలు ఎలాంటిది అని అడిగారు. ఎన్నడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్ళలో మగవారు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. అయినా నాయకుడిగా మగవాడే ఉండాలన్న ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు. మొదటిసారి వచ్చిన మహిళా ప్రధాన్‌లకు, పనిలో తీసిపోకపోయినా, సొంత ఊరివారు తక్కువ మార్కులే ఇచ్చారు. వారి తరువాత వచ్చిన స్త్రీలకే ఆ భారం తగ్గింది. మీ శాఖకు మీరు మొదటి మహిళా మేనేజరు అని రాశారు. కాబట్టి మీ పట్టుదల ఫలితం మీ నివేదికలో కంటే మీ తరువాత వచ్చే ఆమె నివేదికలో కనబడే అవకాశమే ఎక్కువ. ఇది ఓదార్పు కాదని నాకు తెలుసు.

ఇక చేయవలసిన పని. నివేదిక మీ చేతికి అందిన తేదీని మొదట రాసి పెట్టుకోండి. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు, నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, అది మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలనీ, దానిపై విన్నవించుకొనే అవకాశం ఇవ్వాలనీ చెప్పింది. ఆ మాట ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని అందులోనే ఉంది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో అదే వైఖరిని ఖాయం చేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2009 ఉత్తర్వు ప్రకారం గడువు 15 రోజులు. మీ బ్యాంకు నిబంధనల్లో గడువు ఎంతో ఈరోజే చూడండి. గడువు దాటిన అభ్యంతరాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

అభ్యంతర పత్రం రెండు పేజీలు మించకూడదు. "నేను కఠినురాలిని కాను" అని మొదలుపెట్టకండి. స్వభావం మీద వాదన మొదలైతే అది తేలేది కాదు. ఆ వ్యాఖ్యకు ఆధారమైన సంఘటనలేమిటో, ఏ తేదీలవో తెలుపమని కోరండి. ఏడాదిలో మీ మీద రాతపూర్వక ఫిర్యాదు ఏదైనా వచ్చిందా, వస్తే మీకు చూపించారా, మధ్యలో ఒక్కసారైనా పిలిచి హెచ్చరించారా అని అడగండి. ఎవరూ ఏడాదంతా నోరు విప్పకుండా మార్చి తరువాత స్వభావం గురించి రాశారంటే, ఆ మౌనమే మీకు అనుకూలమైన సాక్ష్యం. శాఖ నుంచి బదిలీ కోరినవారి సంఖ్య మీ ముందు రెండేళ్ళలో ఎంత, మీ హయాంలో ఎంత, యూనియను ద్వారా వచ్చిన ఫిర్యాదులు అప్పుడెన్ని, ఇప్పుడెన్ని అన్నవి జతచేయండి. ఆ లెక్కలు మీకు వ్యతిరేకంగా ఉంటే వాటిని చేర్చవద్దు. కాని అవి చూసి మీరు ఆలోచించుకోవాలి. కౌంటరు దగ్గరి సంఘటనను ఎదుటివారు ఎత్తేముందు మీరే ఎత్తి, ఆ ఆఫీసరుకు విడిగా క్షమాపణ చెప్పి ఉంటే ఆ మాట కూడా రాయండి. ఇంకా చెప్పి ఉండకపోతే, ముందు చెప్పండి.

"నేను స్త్రీని కాబట్టే ఇలా రాశారు" అన్న వాక్యం పెట్టాలా వద్దా అన్న దగ్గర నా అభిప్రాయంతో చాలామంది స్నేహితురాళ్ళు విభేదిస్తారు. మొదటి పత్రంలో పెట్టవద్దంటాను. అది అబద్ధమని కాదు; పెట్టగానే సమీక్షించే అధికారి మీరు అడిగిన తేదీలకు బదులు ఆ ఒక్క వాక్యానికే జవాబు రాస్తాడు. దానికి బదులు, మీ ముందున్న మేనేజరు ఇవే ఆదేశాలను ఇంతే గట్టిగా అమలుచేశారనీ, ఆయన ఇచ్చిన సర్క్యులర్లు ఫలానా తేదీలవనీ రాస్తే, చదివేవాడే ఆ ప్రశ్న వేసుకుంటాడు. అయితే పై అధికారి నోటినుంచి "ఆడవాళ్ళు ఇంత గట్టిగా ఉండకూడదమ్మా", "కొంచెం నవ్వుతూ ఉండండి" వంటి మాట వచ్చి ఉంటే, ఆ మాటను ఆ రోజే తేదీతో, విన్నవారి పేర్లతో రాసి పెట్టుకోండి. హాప్కిన్స్ గెలుపునకు మూలం అలాంటి మాటలు కాగితం మీద మిగలడమే. ఆ మాటలు లైంగిక వేధింపు హద్దులోకి వస్తే దారి వేరు, పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద మీ బ్యాంకులో ఉన్న అంతర్గత కమిటీ అందుకే ఉంది.

మీకు చాలామంది ఇంకో సలహా ఇస్తారు, బహుశా ఇప్పటికే ఇచ్చి ఉంటారు: "అమ్మలా ఉండండి." మన దగ్గర ఆడమనిషి గట్టిగా మాట్లాడడానికి సమాజం ఒప్పుకొన్న పాత్ర అదొక్కటే. అమ్మ తిట్టవచ్చు, అమ్మ మాట ఎవరూ కాదనరు. నేను కూడా ఒక శాఖలో రెండేళ్ళు ఆ వేషం వేశాను. పుట్టినరోజులు గుర్తుపెట్టుకున్నాను, ఇంటినుంచి గోంగూర పచ్చడి తెచ్చాను, పిల్లల ఎంసెట్ ర్యాంకులు అడిగాను. పని సాఫీగా జరిగింది, నిజమే. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, మార్చి నెలాఖరున ఒకరికి సెలవు కాదన్న రోజున. మేనేజరు సెలవు కాదంటే అది నిబంధన. అమ్మ కాదంటే అది ద్రోహం. అంతకుముందు నన్ను కఠినురాలు అన్నవారెవరూ అంత బాధపడలేదు. మీకు సహజంగా అలాంటి ఆప్యాయత ఉంటే చూపండి, అరువు తెచ్చుకోవద్దు.

దానికంటే తక్కువ ఖర్చుతో పనిచేసేది, పైన గుర్తుపెట్టుకోమన్న ముక్క: కారణాన్ని ఆదేశంతో పాటే, అదే ఊపిరిలో చెప్పడం. "ఆ ఫైళ్ళు ఇంకా ఎందుకు కాలేదు?" అంటే వినేవాడికి మీ కోపం మాత్రమే వినబడుతుంది. "ఈ 14 ఖాతాల ఫైళ్ళు రేపు పదకొండు గంటలకు నా బల్ల మీద ఉండాలి, మంగళవారం ఆడిటరు వస్తున్నారు, పోయినసారి వీటిమీదే అభ్యంతరం రాశారు" అంటే కోపానికి ఒక చిరునామా దొరుకుతుంది, ఆ చిరునామా మీ స్వభావం కాదు. గొంతు తగ్గించనక్కరలేదు, గడువు సడలించనక్కరలేదు. మీ ముందున్నాయన ఈ కారణాలేవీ చెప్పకుండానే పని జరిపించుకున్నాడు కదా అంటారు. అవును, ఇది మీకు మాత్రమే పడిన అదనపు చాకిరీ. న్యాయం కాదు. కాని ఇది మిమ్మల్ని మెత్తబరచదు, పైగా మీరు చెప్పిన కారణాలన్నీ ఈమెయిళ్ళలో ఉంటే వచ్చే ఏడాది నివేదికకు అవే మీ జతపత్రాలు.

పత్రాన్ని నేరుగా చేతికిచ్చినా, ఆన్‌లైన్‌లో పంపినా, అందినట్టు తేదీతో రసీదు తీసుకోండి. జవాబు ప్రతికూలంగా వచ్చినా ఆ జవాబు ప్రతినీ, మీ పత్రం ప్రతినీ ఆఫీసు బీరువాలో కాక ఇంట్లో పెట్టుకోండి, ఎందుకంటే బదిలీ అయ్యాక బీరువా మీది కాదు. తరువాతి ప్రమోషను ఇంటర్వ్యూలో ఆ మార్కులు ఎందుకు తగ్గాయని అడుగుతారు, అప్పుడు చూపడానికి కాగితం ఉండాలి. 1999లో నన్ను అదే ప్రశ్న అడిగారు. నా చేతిలో ఏమీ లేక, "సర్దుకుపోతాను సార్" అని జవాబు చెప్పాను.